ఆమె మొర అల్లాహ్ ఆలకించాడు... మరి మనం?

అల్లాహ్ శుభనామంతో ప్రారంభిస్తున్నాం.

మదీనాలో ఇంకా తెల్లవారలేదు. ఫజ్ర్ నమాజు కోసం దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) తలుపు తీసుకుని బయటికి వచ్చారు. గుమ్మం దగ్గర చీకట్లో ఎవరో స్త్రీ నిలబడి ఉంది. ఎవరని అడిగారు. సహ్ల్ కుమార్తె హబీబానని ఆమె బదులిచ్చింది. సంగతేమిటని అడిగితే, తనకూ తన భర్త సాబిత్ బిన్ ఖైస్‌కూ ఇక కుదరదని చెప్పింది. ఇమామ్ మాలిక్ (రహ్మలై) ‘ముఅత్తా’లో ఈ సంఘటన ఉంది. సాబిత్ ఆమెను కొట్టారని, ఆ దెబ్బలకు ఆమె గాయపడిందని ‘అబూదావూద్’ హదీసు తెలుపుతోంది.

సాబిత్ (రజి) సామాన్యుడు కాదు. అన్సారుల తరఫున ప్రసంగించే వక్త. మహాప్రవక్త (సఅసం) సన్నిధిలో గౌరవస్థానం ఉన్న సహాబీ. అయినా “అంతటి మంచి మనిషి మీద ఫిర్యాదు తెచ్చావా?” అని మహాప్రవక్త (సఅసం) ఆమెను గద్దించలేదు. చీకట్లో ఒంటరిగా బయటికి ఎందుకు వచ్చావని నిలదీయలేదు. “ఇంటి గుట్టు వీధిలో పెట్టకు, ఓర్చుకో” అని వెనక్కి పంపలేదు. సాబిత్ రాగానే ఆయనకు హబీబా చెప్పినది చెప్పారు. ఆయన ఇచ్చిన మహర్ అంతా తన దగ్గరే ఉందని హబీబా అన్నప్పుడు, దాన్ని తీసుకోమని సాబిత్‌ను ఆదేశించారు. ఆమె తన పుట్టింటికి చేరింది.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. నల్లమల అంచున, మన్ననూరు దాటి వెళితే వచ్చే అమ్రాబాద్ లాంటి ఊళ్ళో ఫజ్ర్ అజాన్‌కు ముందు మౌజన్ సాహెబ్ మస్జిద్ గేటు తాళం తీస్తున్నారనుకుందాం. గేటు పక్కన పెదవి చిట్లిన ఒక స్త్రీ, చంకలో పసిబిడ్డతో నిలబడి ఉంది. అప్పుడు మనం ఏం చేస్తాం? ఆ ప్రశ్న మీదే ఈ నెల మా ఈ నాలుగు మాటలు.

మూసిన తలుపుల వెనుక

ఇలాంటి స్త్రీలు మన మధ్య లేరని అనుకోవడం సులువు. కాని లెక్కలు అలా అనడం లేదు. ప్రపంచంలో ప్రతి ముగ్గురు స్త్రీలలో దాదాపు ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు శారీరక లేదా లైంగిక హింసకు గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించింది. మన దేశంలో 2019-21 మధ్య జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఇంటింటికీ వెళ్ళి స్త్రీలను ఏకాంతంలో అడిగింది. వివాహమైన స్త్రీలలో భర్త చేతిలో హింస చవిచూసినవారు తెలంగాణలో 36.9 శాతం. దేశం మొత్తం మీద అది 29.3 శాతం. అంటే మన రాష్ట్రం దేశంకన్నా వెనుకబడి ఉంది.

ఇంతకన్నా కలవరపెట్టే విషయం మరొకటి ఉంది. ఏదో ఒక కారణం మీద భర్త భార్యను కొట్టడం సబబేనని తెలంగాణలో దాదాపు 84 శాతం స్త్రీలు ఆ సర్వేలో చెప్పారు. చెప్పకుండా బయటికి వెళ్ళిందనో, పిల్లల్ని పట్టించుకోలేదనో, అత్తమామలను గౌరవించలేదనో, వంట సరిగా చేయలేదనో కొడితే తప్పులేదని అన్నది దెబ్బలు తినే స్త్రీలే. ఈ మాట వారు ఎవరి నోట విని నేర్చుకున్నారు? తల్లి నోట, అత్త నోట, పొరుగింటి పెద్దమ్మ నోట. కొన్నిచోట్ల మిమ్బర్ మీది నుంచి కూడా!

మరో అంకె కూడా గుర్తుంచుకుందాం. హింసకు గురైన ప్రతి 100 మంది స్త్రీలలో సహాయం కోరినవారు 14 మంది మాత్రమే. 77 మంది ఎవరికీ చెప్పనే లేదు. అమ్మకు చెప్పలేదు, అక్కకు చెప్పలేదు. సహాయం కోరినవారిలో కూడా పోలీసుల దాకా వెళ్ళేవారు అతి కొద్దిమంది. కనుక ఠాణాలో నమోదయ్యే కేసు అసలు బాధలో చిన్న భాగమే. 2022లో స్త్రీలపై నేరాల కింద దేశంలో 4,45,256 కేసులు నమోదయ్యాయని జాతీయ నేర నమోదు సంస్థ తెలిపింది. వాటిలో 31.4 శాతం భర్త, అత్తింటివారి క్రూరత్వం కిందివే. నమోదైనవి ఇన్నయితే, నమోదు కానివి ఎన్నో ఆలోచించండి.

ఆకాశాలకు పైనుంచి విన్న ప్రభువు

దివ్యఖుర్ఆన్‌లో ఒక సూరాకు ‘అల్ ముజాదలహ్’ అని పేరు. వాదించిన స్త్రీ అని దానర్థం. ఆమె పేరు ఖౌలా బిన్తె సఅలబా (రజి). ఆమె భర్త కోపంలో ఆమెను తన తల్లి వీపుతో పోల్చాడు. అజ్ఞాన కాలంలో ఆ ఒక్క మాటతో భార్య భార్యగా మిగిలేది కాదు, మరో పెళ్ళికి విడుదలా అయ్యేది కాదు. వయసు మళ్ళి, పిల్లలతో నిస్సహాయంగా మిగిలిన ఆమె దైవప్రవక్త (సఅసం) వద్దకు వచ్చి తన గోడు వెళ్ళబోసుకుంది. అదే గదిలో ఒక మూలన ఉన్న హజ్రత్ ఆయిషా (రజి)కు కూడా ఆమె మాటలు కొన్ని వినబడనంత మెల్లగా మాట్లాడింది. కాని ఆకాశాలకు పైనున్న ప్రభువు విన్నాడు. తన భర్త విషయమై వాదిస్తున్న ఆ స్త్రీ మాటను తాను విన్నానని అల్లాహ్ ఆ సూరా మొదటి ఆయతులోనే ప్రకటించాడు. ఆ తరువాత చట్టం దిగింది. ఆ దురాచారం రద్దయింది.

ఆ క్రమాన్ని కాస్త గమనించండి. ముందు వినడం, తరువాత చట్టం. ఒక ఇల్లాలి ఫిర్యాదును సాక్షాత్తు సృష్టికర్త ప్రళయం వరకు పారాయణ చేయబడే గ్రంథంలో నిలిపాడు. తరువాతి కాలంలో ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి)ను దారిలో ఒక వృద్ధురాలు ఆపి చాలాసేపు మాట్లాడితే ఆయన తలవంచి నిలబడ్డారని చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. అంతసేపు ఎందుకు నిలబడ్డారని పక్కవారు అడిగితే, అల్లాహ్ విన్న స్త్రీ మాటను ఉమర్ వినకుండా ఉండగలడా అన్న భావంతో ఆయన బదులిచ్చారట. ఆ వృద్ధురాలు ఖౌలా (రజి)యే.

మరోసారి మదీనాలో చాలామంది స్త్రీలు దైవప్రవక్త (సఅసం) ఇళ్ళ చుట్టూ చేరి, తమ భర్తలు కొడుతున్నారని ఆయన ధర్మపత్నుల వద్ద మొరపెట్టుకున్నారు. అప్పుడు ఆయన ఆ సంగతిని ప్రజల ముందే ప్రస్తావించి, అలాంటి భర్తలు మీలో మంచివారు కారని స్పష్టం చేశారు (అబూదావూద్). ఇంటి సంగతి కదా అని దాచలేదు.

ఇక్కడ కొందరు సూరా అన్ నిసాలోని 34వ ఆయతును ముందుకు తెస్తారు. ఆ ఆయతుకు అందరికన్నా మంచి వ్యాఖ్యానం ఎవరి జీవితం? అది ఎవరి హృదయంపై అవతరించిందో ఆయన జీవితమే కదా! ఆయన ఏనాడూ ఏ స్త్రీ మీదా, ఏ సేవకుని మీదా చేయి చేసుకోలేదని హజ్రత్ ఆయిషా (రజి) సాక్ష్యం ఇచ్చారు (ముస్లిం). భార్యను దాసిని కొట్టినట్టు కొట్టి, ఆ రాత్రే ఆమెతో పడుకునే మనిషిని ఆయన సిగ్గుపడేలా మందలించారు (బుఖారీ). అదే సూరాలోని 19వ ఆయతు భార్యలతో ఉత్తమ రీతిలో కాపురం చేయమంటోంది. బాధించడానికి వారిని పట్టి ఉంచుకోవడం అల్లాహ్ ఆయతులతో ఆటలాడటమేనని సూరా అల్ బఖరా 231వ ఆయతు హెచ్చరిస్తోంది. ఒక్క ఆయతును పట్టుకుని మిగతా ఖుర్ఆన్‌కు వీపు తిప్పినవాడు తన కోపానికి ధర్మం ముసుగు వేస్తున్నాడంతే.

నల్లకుంట ఠాణాలో ఒక ముస్లిం స్త్రీ

ఇల్లు వినకపోతే ఠాణా వినాలి. ఠాణాయే దౌర్జన్యం చేస్తే? మన తెలుగు నేలలో అది జరిగింది. బాధితురాలు మన సోదరి.

1978 మార్చి చివర కృష్ణకు ఆవల కర్నూలు జిల్లా నుంచి హైదరాబాద్ వచ్చిన పేద దంపతులు రమీజాబీ, అహ్మద్ హుస్సేన్. రాత్రి ఆలస్యంగా తిరిగి వస్తుండగా రమీజాబీని పోలీసులు పట్టుకుని నల్లకుంట ఠాణాకు తీసుకుపోయారు. అక్కడ ఆమెపై అత్యాచారం జరిగింది. నిరసించిన భర్తను కొట్టగా అతను చనిపోయాడు. నగరం భగ్గుమంది. కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. ప్రభుత్వం హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కె.ఎ. ముక్తదర్ అధ్యక్షతన విచారణ కమిషన్ వేసింది. పోలీసులు దోషులేనని కమిషన్ తేల్చింది. కాని ఆ తరువాత కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు మారింది. 1981లో నిందితులందరూ నిర్దోషులుగా బయటపడ్డారు.

ఆ విచారణలో ఏం జరిగిందో మనం, ప్రత్యేకించి ముస్లింలం, తెలుసుకోవాలి. పోలీసుల తరఫువారు తమ పని గురించి కాదు, ఆమె నడత గురించి వాదించారు. ఆమె చెడ్డ స్త్రీ అన్నారు. ఆమెకు గతంలో పెళ్ళిళ్ళు అయ్యాయి గనుక అహ్మద్ హుస్సేన్‌తో ఆమె నికాహ్ చెల్లదన్నారు. దౌర్జన్యాన్ని కప్పిపుచ్చడానికి మన షరీఅత్ పేరునే వాడుకున్నారన్నమాట. నికాహ్ చెల్లితే ఏమిటి, చెల్లకపోతే ఏమిటి? ఒక స్త్రీ శరీరం మీద చేయి వేయడానికి ఠాణాలోని మనిషికి ఏ షరీఅత్ అనుమతి ఇచ్చింది?

స్త్రీ శీలంపై నిందవేసి నలుగురు సాక్షుల్ని తేలేనివాడికి ఎనభై కొరడా దెబ్బలు, ఆపై వాడి సాక్ష్యం ఎన్నటికీ చెల్లదు - ఇది సూరా అన్ నూర్ 4వ ఆయతు ఆదేశం. పుకారు చెవిన పడినప్పుడు విశ్వాసులు మంచినే తలచి, అది పచ్చి అబద్ధమని ఎందుకు అనలేదని అదే సూరా నిలదీస్తోంది. పద్నాలుగు శతాబ్దాల కిందటే వచ్చిన బోధ ఇది. మన దేశంలో అత్యాచార బాధితురాలి నడతను కోర్టులో ఎత్తిచూపి ఆమె సాక్ష్యాన్ని తోసిపుచ్చడానికి వీలు కల్పించిన నిబంధన సాక్ష్య చట్టం నుంచి 2002 నాటి సవరణతో గాని పోలేదు. రమీజాబీ నిందలు మోసిన పాతికేళ్ళకు!

ఆమె బాధ వృథా పోలేదు. మహారాష్ట్రలో మథుర కేసుపై 1978లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు, హైదరాబాద్‌లోని ఈ ఘటన, ఇలాంటివే మరికొన్ని కలిసి దేశమంతటా స్త్రీలను వీధుల్లోకి తెచ్చాయి. 1983లో చట్టం మారింది. కస్టడీలో అత్యాచారం జరిగితే తనకు సమ్మతి లేదన్న స్త్రీ మాటను కోర్టు నమ్మి మొదలుపెట్టాలన్న నియమం వచ్చింది. అదే ఏడాది భర్త, అత్తింటివారి క్రూరత్వాన్ని నేరంగా ప్రకటించే 498ఎ సెక్షన్ కూడా వచ్చింది. ఖౌలా (రజి) మొర తరువాత దైవశాసనం దిగినట్టు, ఈ స్త్రీల మొర తరువాత మనుషుల చట్టాలు కొంత కదిలాయి.

వినకుండా ఇచ్చే తీర్పు

అయితే వినడమంటే విన్నవెంటనే ఎవరినో శిక్షించడం కాదు. హజ్రత్ అలీ (రజి)ని యెమన్‌కు న్యాయాధికారిగా పంపుతూ దైవప్రవక్త (సఅసం), ఒక పక్షం మాట విన్నట్టే రెండో పక్షం మాటా వినేదాకా తీర్పు చెప్పవద్దని బోధించారు (అబూదావూద్, తిర్మిజీ). మన సమాజంలో దీనికి పూర్తి విరుద్ధంగా జరుగుతోంది. ఒకచోట స్త్రీని వినకుండా ఆమె మీదే తీర్పు ఇస్తాం. మరోచోట నిందితుణ్ణి వినకుండా వాడి మీద తీర్పు ఇస్తాం. రెండూ అన్యాయాలే.

2019 నవంబరులో మన రాష్ట్రంలో వారం రోజుల్లో రెండు ఘోరాలు జరిగాయి. నవంబరు 24న ఆసిఫాబాద్ జిల్లాలో ఊరూరా తిరిగి చిన్న సామాను అమ్ముకునే ఒక పేద మహిళను ముగ్గురు అత్యాచారం చేసి చంపారు. నవంబరు 27 రాత్రి శంషాబాద్ వద్ద ఒక పశువైద్యురాలిపై నలుగురు అత్యాచారం చేసి, చంపి, పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన కింద దహనం చేశారు. బిడ్డ కనబడటం లేదని ఆ రాత్రి తల్లిదండ్రులు ఠాణాకు వెళితే, ఇది ఏ ఠాణా పరిధి అన్న దగ్గరే విలువైన సమయం గడిచిపోయింది. ఆ జాప్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు.

మొదటి కేసులో ఆదిలాబాద్‌లో ప్రత్యేక న్యాయస్థానం ఏర్పడింది. సాక్షుల్ని విన్నది, నిందితుల్ని విన్నది. 2020 జనవరి 30న ముగ్గురినీ దోషులుగా తేల్చి మరణశిక్ష విధించింది. రెండవ కేసులో డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసులపై పూలు చల్లారు. మనలో ఎందరో మిఠాయిలు పంచుకున్నారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని అది చెప్పింది. ఠాణాలో ఆ రాత్రి తల్లిదండ్రుల మొర ఎందుకు ఆలస్యమైందన్న ప్రశ్న ఆ పూలవానలో కొట్టుకుపోయింది.

దైవప్రవక్త (సఅసం) కాలంలో చీకట్లో నమాజుకు వెళుతున్న ఒక స్త్రీపై ఒకడు అత్యాచారం చేశాడు. ఆమె కేకలు వేసింది. జనం పరుగెత్తి ఒకణ్ణి పట్టుకున్నారు. వీడేనని ఆమె కూడా పొరబడింది. అతనికి శిక్ష పడబోతుండగా అసలు దోషి లేచి నిలబడి నేరం ఒప్పుకున్నాడు. దైవప్రవక్త (సఅసం) ఆ స్త్రీకి అల్లాహ్ మన్నింపు ఉందని చెప్పి పంపారు. పొరపాటున పట్టుబడిన వ్యక్తిని మంచి మాటలతో ఓదార్చారు (అబూదావూద్, తిర్మిజీ). ఆమె మీద ఒక్క మచ్చ పడలేదు. నిరపరాధి ప్రాణం పోలేదు. ఆ గుంపే దారిలో శిక్ష వేసి ఉంటే ఏమయ్యేది? ఈ ఒక్క హదీసు చాలదా మన ఆలోచన సరిదిద్దుకోవడానికి?

మరో చేదు నిజం కూడా చెప్పుకుందాం. ఆదిలాబాద్‌లో శిక్ష పడిన ముగ్గురూ ముస్లిం పేర్లు గలవారు. షాద్‌నగర్ కేసు నలుగురిలో ఒకడు ముస్లిం. దాన్ని పట్టుకుని కొందరు సమాజం మొత్తం మీద బురద చల్లారు. అది అన్యాయమే. కాని ఆ బురద కడుక్కునే తొందరలో చనిపోయిన స్త్రీలను మనం మరిచిపోతే అది మరో అన్యాయం. మదీనాలో ఒక ముస్లిం కుటుంబం దొంగతనం చేసి ఒక యూదుని మీదకు నెట్టినప్పుడు, ఆ యూదుని నిర్దోషిత్వాన్ని చాటుతూ, ద్రోహుల తరఫున వాదించవద్దంటూ సూరా అన్ నిసా 105వ ఆయతు నుంచి ఆయతులు దిగాయి. సాక్ష్యం తనకే వ్యతిరేకమైనా, తల్లిదండ్రులకూ బంధువులకూ వ్యతిరేకమైనా న్యాయంపై నిలవాలని అదే సూరా 135వ ఆయతు ఆదేశం. ‘మనవాడు’ అన్న మాట అల్లాహ్ న్యాయస్థానంలో చెల్లదు.

మన పొరుగున, నల్లమలలో

2024 జూన్‌లో మన నాగర్‌కర్నూలు జిల్లాలోనే, కొల్లాపూర్ మండలంలోని ఒక గ్రామంలో, పనికి రాలేదన్న కోపంతో ఒక చెంచు మహిళను రోజుల తరబడి బంధించి హింసించిన సంగతి బయటపడింది. కొట్టారు, కళ్ళలో కారం కొట్టారు, ఒళ్ళు కాల్చారు. ఆ తరువాతే అరెస్టులు, మంత్రుల పరామర్శలు. అన్ని రోజులు ఆ ఊళ్ళో ఎవరికీ ఆమె అరుపు వినబడలేదా? వినబడి ఉంటుంది. ‘మనకెందుకు’ అనుకుని ఉంటారు.

అమ్రాబాద్ చుట్టుపక్కల చెంచు పెంటల నుంచి వచ్చే అక్కలూ చెల్లెళ్ళూ మన దుకాణాల్లోనే సరుకులు కొంటారు, మన పక్కనే బస్సు ఎక్కుతారు. వారి మొర వినడమూ మన బాధ్యతే. పీడితుని మొరకూ అల్లాహ్‌కూ మధ్య తెర ఉండదని దైవప్రవక్త (సఅసం) చెప్పినప్పుడు (బుఖారీ), ఆ పీడితుడు ఏ మతంవాడో చూడమనలేదు.

తగాదా వేరు, దౌర్జన్యం వేరు

ఇప్పుడు మళ్ళీ ఆ మస్జిద్ గేటు దగ్గరికి వద్దాం. ఆ స్త్రీ అక్కడే నిలబడి ఉంది. మన పెద్దలు సాధారణంగా ఏం చేస్తారు? కమిటీ సదర్ సాహెబ్‌ను పిలిపిస్తారు. ఇరువైపుల వారిని కూర్చోబెట్టి రాజీ చేస్తారు. “ఆడపిల్లవు, సబ్ర్ చెయ్యి బేటీ” అని ఆమెకు చెప్పి, అతని చేత “ఇక కొట్టను” అనిపించి పంపేస్తారు. పోలీసుల దగ్గరికి వెళితే ఇంటి ఇజ్జత్ పోతుందంటారు.

రాజీ మంచిదే. భార్యాభర్తల మధ్య విభేదం వస్తే ఇరువైపుల నుంచి ఒక్కొక్క మధ్యవర్తిని నియమించమని సూరా అన్ నిసా 35వ ఆయతు చెప్పింది. కాని అది విభేదానికి మందు. ఎముకలు విరిగేలా కొట్టడం, కాల్చడం, ఇంట్లో బంధించడం, జోడే కీ రకమ్ కోసం వేధించడం విభేదాలు కావు, దౌర్జన్యాలు. దౌర్జన్యపరునికి కూడా సహాయం చేయమన్నారు దైవప్రవక్త (సఅసం). ఎలాగని అడిగితే, వాడి చేయి ఆపడమే ఆ సహాయమన్నారు (బుఖారీ). చేయి ఆపకుండా ఆమెను మాత్రమే ఓర్చుకోమంటే, మనం సబ్ర్ నేర్పుతున్నట్టు కాదు, జుల్మ్‌కు కాపలా కాస్తున్నట్టు. ఇజ్జత్ పోయేది ఫిర్యాదు చేసిన స్త్రీది కాదు, చేయెత్తినవాడిది.

అందుకే ప్రతి మస్జిద్ కమిటీ, ప్రతి ఇల్లు కొన్ని సంగతులు తెలుసుకుని ఉండాలి.

మొదటిది, ప్రాణం. ఆపద ఉంటే 112కు ఫోన్ చేయాలి. స్త్రీల సహాయం కోసం 181 ఉంది. జిల్లాలోని సఖి కేంద్రంలో వైద్యం, సలహా, తాత్కాలిక ఆశ్రయం, పోలీసు సహాయం, న్యాయ సహాయం ఒకేచోట దొరుకుతాయి. గాయాలుంటే ముందు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళి గాయాలు రాయించాలి. అత్యాచార బాధితురాలికి ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా ఉచితంగా ప్రథమ చికిత్స చేయాలి.

రెండవది, ఫిర్యాదు. కేసు పెట్టదగిన నేరం గురించి సమాచారం అందితే ఎఫ్ఐఆర్ నమోదు చేయడం పోలీసుల విధి అని సుప్రీంకోర్టు 2013లో లలితాకుమారి కేసులో తేల్చింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. “మా పరిధి కాదు” అన్న జవాబు ఇక చెల్లదు. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా అడిగి తీసుకోవాలి. పాత 498ఎ సెక్షన్ స్థానంలో ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లు ఉన్నాయి.

మూడవది, భర్తను జైలుకు పంపడం ఇష్టంలేని స్త్రీకి కూడా దారి ఉంది. 2006 అక్టోబరు నుంచి అమలులో ఉన్న గృహహింస చట్టం కింద ఆమె రక్షణాధికారి ద్వారా గాని, నేరుగా గాని మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు. కొట్టవద్దని ఆదేశం, అదే ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు, పిల్లల సంరక్షణ అడగవచ్చు. ఇది ఏ మతం స్త్రీకైనా వర్తిస్తుంది. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వడం న్యాయ సేవాధికార సంస్థ బాధ్యత. దాని ఫోన్ నెంబరు 15100.

ఇవన్నీ ఉన్నా న్యాయం సులువు కాదు. 2019లో విచారణ ముగిసిన అత్యాచార కేసులలో శిక్ష పడినవి 27.8 శాతమే. కేసులు వీగిపోవడానికి ఒక పెద్ద కారణం సాక్షులు వెనకడుగు వేయడం. ఆ సాక్షులు ఎవరు? పొరుగువారు, బంధువులు, మనమే. సాక్ష్యాన్ని దాచేవాని హృదయం పాపిష్టిదని సూరా అల్ బఖరా 283వ ఆయతు అంటోంది. కోర్టు వాయిదాకు అచ్చంపేటకో నాగర్‌కర్నూలుకో ఒంటరిగా పోవలసిన స్త్రీకి బస్సులో తోడు వెళ్ళడం, ఆమె పిల్లలకు ఆ పూట అన్నం పెట్టడం, పిలిచినప్పుడు వెళ్ళి చూసింది చూసినట్టు చెప్పడం - ఇవి కూడా ఇబాదత్‌లే.

చేయెత్తిన సోదరునితో ఒక మాట

ఈ పేజీ చదువుతున్న ఇళ్ళలో చేయి చేసుకున్న సోదరులు ఉండవచ్చు. సోదరా, తౌబా తలుపు తెరిచే ఉంది. కాని మనిషి హక్కును అల్లాహ్ ఆ మనిషి మన్నించేదాకా మన్నించడు. నీ నమాజులు, ఉపవాసాలు ప్రళయ దినాన ఆమె ఖాతాలోకి వెళ్ళిపోయే గతి తెచ్చుకోకు. ఈ రోజే ఆమె ముందు తప్పు ఒప్పుకో. ఆమె హక్కు ఆమెకు ఇవ్వు. చట్టం ముందు నిలబడవలసి వస్తే అబద్ధపు సాక్షుల్ని వెతక్కు. మదీనాలో ఆ రోజు లేచి నిలబడినవాణ్ణి గుర్తు చేసుకో.

అమ్మలారా, అత్తలారా! మీరు భరించారు గనుక కోడలు కూడా భరించాలని అనకండి. మీ మొర ఆ రోజు ఎవరూ వినలేదు. ఈ రోజు మీరు వినండి. ఇమాములకు మా విన్నపం: ఏడాదిలో ఒక్క జుమా ఖుత్బా అయినా ఈ విషయానికి ఇవ్వండి. నికాహ్ చదివించేటప్పుడు వరుడికి ఈ బాధ్యత గుర్తుచేయండి. మస్జిద్ నోటీసు బోర్డు మీద 181, 15100 నెంబర్లు రాయించండి.

ఇక రేపు ఫజ్ర్ వేళ గేటు తీసినప్పుడు అక్కడ ఒక స్త్రీ నిలబడి ఉంటే, ముందు లోపల కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇవ్వండి. “ఏమైందమ్మా?” అని అడగండి. మధ్యలో ఆపకుండా చివరిదాకా వినండి. ఆ తరువాత చేయవలసినది దారి దానంతట అదే చూపుతుంది.

ఓ అల్లాహ్! ఖౌలా మొర విన్న ప్రభూ! మా ఇళ్ళలో మూగబోయిన గొంతులను వినే చెవులు మాకు ప్రసాదించు. మా చేతులను దౌర్జన్యం నుంచి, మా నాలుకలను నిందల నుంచి, మా హృదయాలను సాక్ష్యం దాచే పాపం నుంచి కాపాడు. అన్యాయంగా ప్రాణాలు పోగొట్టుకున్న స్త్రీల కుటుంబాలకు ఊరట కలిగించు. పీడితుల పక్షాన, న్యాయం పక్షాన నిలిచే ధైర్యాన్ని మా అందరికీ అనుగ్రహించు. ఆమీన్.